460 గుర్రాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

సూరత్‌లో మరమగ్గం కొనబోయేవాడు "ఇది నిమిషానికి ఎన్నిసార్లు పేక కొడుతుంది?" అని అడుగుతాడు. కారు కొనబోయేవాడూ, కొనలేక చూసి ఆనందించేవాడూ "ఎన్ని గుర్రాలు?" అని అడుగుతారు. రెండూ మంచి ప్రశ్నలే. జవాబుగా వచ్చే అంకె ఏమి చెబుతోంది, ఏమి దాస్తోంది అని ఆలోచించేవారే తక్కువ. ఫోర్డు కంపెనీ 2018 నమూనాగా తీర్చిదిద్దిన మస్టాంగ్ జి.టి. కారును ఈ దృష్టితో పరిశీలిద్దాం. 1964లో పుట్టిన ఈ బండిని అమెరికాలోని 'మజిల్ కార్ల' కోవలో, అంటే కండలు తిరిగిన కార్ల కోవలో చెప్పుకుంటారు. నిక్కచ్చిగా మాట్లాడేవారు మాత్రం దీన్ని 'పోనీ కారు' అంటారు. పొట్టి గుర్రమన్నమాట!

2015 నమూనాలో ఈ కారు ఇంజను 435 అశ్వసామర్థ్యం ఇచ్చేది. 2018లో అది 460 అయింది. ఇంజను పెద్దదయింది కాబట్టి బలం పెరిగిందని మీరు అనుకోవచ్చు. పదో తరగతి లెక్కలతోనే దీన్ని సరిచూడవచ్చు. సిలిండరు వ్యాసం 92.2 మిల్లీమీటర్ల నుంచి 93.0కు పెరిగింది. పిస్టన్ కదిలే దూరం 92.7 మి.మీ., అది మారలేదు. స్థూపం ఘనపరిమాణం కట్టి ఎనిమిదితో గుణించండి. పాతది 4951 ఘన సెంటీమీటర్లు, కొత్తది 5038. పెరిగింది రెండు శాతం కూడా లేదు. ఆ కాస్త చోటయినా ఎలా దొరికిందంటే, సిలిండర్లలోని ఇనుప తొడుగులను తీసివేసి, లోహపు తీగను ప్లాస్మాతో కరిగించి తుంపరగా లోపలి గోడలపై చల్లారు. జరీలో వెండి తీగకు బంగారు పూత పూసినట్టే ఇదీను. ఒరిపిడికి తట్టుకునేది పైపొర, బరువు మోసేది లోపలి అల్యూమినియం.

సామర్థ్యం పెరిగింది దాదాపు ఆరు శాతం. మరి మిగతాది ఎక్కడిది?

ఒక సూత్రం గుర్తుంచుకోండి. టార్క్‌ను న్యూటన్ మీటర్లలో తీసుకుని, నిమిషానికి భ్రమణాల సంఖ్యతో గుణించి, 7121తో భాగిస్తే అశ్వసామర్థ్యం వస్తుంది. పాత ఇంజనుకు 435 గుర్రాలు 6500 భ్రమణాల వద్ద వచ్చేవి. వెనక్కి లెక్కిస్తే అక్కడ టార్క్ సుమారు 477. కొత్త ఇంజనుకు 460 గుర్రాలు 7000 వద్ద వస్తాయి. అక్కడ టార్క్ 468. అంటే గరిష్ఠ సామర్థ్యం దగ్గర కొత్త ఇంజను తిప్పే బలం పాతదానికన్నా కొంచెం తక్కువే! అదనపు గుర్రాలన్నీ వేగంగా తిరగడం వల్ల వచ్చినవే. గరిష్ఠ టార్క్ 542 నుంచి 569కి పెరిగిన మాట నిజమే గాని, అది 4600 భ్రమణాల దగ్గరి సంగతి. అక్కడ సామర్థ్యం 368 గుర్రాలే.

వేగంగా తిప్పడం తేలికనుకోకండి. సూరత్‌లోని లింబాయత్, ఉధ్‌నా వైపు తెలంగాణ నుంచి వెళ్ళి స్థిరపడిన నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్ళ పిల్లలకు ఈ ఇబ్బంది చెప్పనక్కరలేదు. పాత మరమగ్గంలో ప్రతి పేకకూ బరువైన నాడెను విసరాలి, అవతల ఆపాలి. వేగం పెంచితే చెక్క, తోలు, దారం అన్నీ దెబ్బతింటాయి. అందుకే నీటి జెట్ మగ్గంలో నాడెనే తీసివేసి, నీటి చిమ్ముతో పోగును పంపుతారు. ఇంజనులో అలా పిస్టన్‌ను తీసివేయలేం. జడత్వ బలం వేగ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఈ ఇంజను గరిష్ఠ పరిమితిని 7000 నుంచి 7500కు పెంచినప్పుడు ఆ బలం 15 శాతం పెరిగింది. దాన్ని తట్టుకునేలా చేయడమే ఇంజనీర్ల అసలు ఘనత. ఒక్క అంకెలో ఆ శ్రమ కనిపించదు.

సంపీడన నిష్పత్తిని కూడా 11 నుంచి 12కు పెంచారు. ఆటో చక్రం సూత్రంలో వేసి చూస్తే ఆదర్శ దక్షత 61.7 శాతం నుంచి 63కు చేరుతుంది. అయితే ఎక్కువగా నొక్కిన మిశ్రమం, మంట చేరకముందే తనంతట తాను పేలిపోయే ప్రమాదముంది. దీనికి విరుగుడుగా పెట్రోలును సిలిండరులోకే నేరుగా చిమ్మే ఏర్పాటు చేర్చారు. అది ఆవిరవుతూ వేడిని పీల్చుకుంటుంది. కుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే. నాకు బాగా నచ్చిన మార్పు ఇది.

నచ్చనిది చిన్న అక్షరాల్లో ఉంది. 460 అన్నది 93 ఆక్టేన్ పెట్రోలుతో సాధించిన అంకె. అమెరికా పద్ధతిలోని ఆ 93, మన పద్ధతిలో దాదాపు 98తో సమానం. 2016లో ఇదే కారు పాత ఇంజనుతో మన దేశానికి వచ్చినప్పుడు బంకుల్లో మామూలు పెట్రోలు 91. అమెరికాలో 435 అన్న ఆ ఇంజను ఇక్కడ 395 గుర్రాలే ఇచ్చింది. ధర మాత్రం సుమారు 65 లక్షలు. అయినా మన పత్రికల మోటారు పేజీల్లో చాలావరకు కనిపించేది కంపెనీ కరపత్రానికి అనువాదమే. అనువాదం నా వృత్తి కాబట్టి ఈ మాట చనువుగా అంటున్నాను. అనువదిస్తే సమీక్ష అయిపోదు.

అసలు మెచ్చుకోవలసింది పది గేర్ల ఆటోమాటిక్ పెట్టె. పాతదాంట్లో ఆరే ఉండేవి. సామర్థ్యమంతా 7000 దగ్గర పోగుపడి ఉంటే, ఇంజనును ఆ చుట్టుపక్కలే ఉంచగలిగినవాడిదే గెలుపు. గేర్లు దగ్గర దగ్గరగా ఉంటే అది కుదురుతుంది. గంటకు 60 మైళ్ళ వేగాన్ని నాలుగు సెకన్లలోపు అందుకోవడం ఆ పెట్టెతోనే సాధ్యమయింది. మనిషి చేత్తో గేర్లు మార్చే అదే కారు అంత త్వరపడలేదు.

ఇంతా చేసి ఈ కారు సూరత్ రింగ్ రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్లతో నిలకడగా సాగాలంటే ఎంత కావాలి? గాలి నిరోధం, చక్రాల ఘర్షణ కలిపి నేను వేసిన అంచనా ఏడెనిమిది గుర్రాలు. మిగతా 450 గుర్రాలూ శాలలోనే కట్టేసి ఉంటాయి. మగ్గం కథా ఇంతే. నిమిషానికి 600 పేకలన్న యంత్రం పోగు తెగి మాటిమాటికీ ఆగిపోతుంటే సాయంత్రానికి దిగే గుడ్డ ఎంత?

2024 నమూనాలో అంకె 480కి చేరింది, 7150 భ్రమణాల వద్ద. అక్కడ టార్క్ ఎంతో మీరే కట్టండి. 478 వస్తుంది. కనుక ఈసారి పెరుగుదలలో సగం నిజంగా తిప్పే బలానిదే. గాలి పీల్చుకోవడానికి ఒకటికి బదులు రెండు ద్వారాలు పెట్టారు. అదే సమయంలో గరిష్ఠ టార్క్ 569 నుంచి 563కు తగ్గింది. ఆ తగ్గుదలను పెద్ద అక్షరాల్లో వేసిన ప్రకటన మీకు కనిపిస్తే కత్తిరించి దాచుకోండి.