‘ఉత్తర చూసి ఎత్తర గంప’: కడప జిల్లా నేలల నేపథ్యంలో అర్థపరిశీలన

‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అనే సామెతకు ప్రచారంలో ఉన్న వివరణ సుపరిచితమే: ఉత్తర కార్తెలోనూ వాన పడకపోతే తట్టాబుట్టా సర్దుకొని వలస పోవలసిందే. ఈ వివరణ తప్పు కాదు. కానీ ఏ నేల మీద నిలబడి ఈ మాట అంటున్నారన్న ప్రశ్నను అది పక్కన పెట్టింది. 1868 నాటి కార్ సంకలనం మొదలుకొని సామెతల సంపుటాలు ఎక్కువగా అకారాది క్రమాన్నే అనుసరించాయి. వెతుక్కోవడానికి అది అనుకూలమే గాని, ఆ వరుసలో సామెత తన ఊరినీ పొలాన్నీ పోగొట్టుకుంటుంది.

ముందుగా వాక్యనిర్మాణాన్ని గమనించాలి. ‘ఆరుద్ర కురిస్తే’ తరహా సామెతల్లో కనిపించే షరతు ఇందులో లేదు. అసలు వాన అన్న మాటే లేదు; ‘చూసి’ అన్న క్త్వార్థకం మాత్రమే ఉంది. కనుక ఇది వాన జోస్యం కాదు, నిరీక్షణకు పెట్టుకున్న గడువు. ‘ఎత్తర’లోని చివరి ‘ర’ చనువున్న సాటివాడిని పిలిచే పిలుపు. పెద్దల ధర్మబోధ స్వరం ఇందులో వినిపించదు.

సెప్టెంబరు మధ్యలో మొదలై సుమారు రెండు వారాలుండే ఉత్తరే గడువు ఎందుకైంది? పులివెందుల ప్రాంతపు ఎర్రనేలల్లో జూన్, జులై నెలల్లో విత్తిన వేరుశనగకు కాయ ఊరే దశ దాదాపు అప్పటికే వస్తుంది. అప్పుడు వాన తప్పితే ఆ ఏటి పంట చేజారినట్లే. అక్కడ గంప నిస్సందేహంగా వలస గంపే.

పెన్న వెంబడి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల నల్లరేగడి లెక్క వేరు. శనగ విత్తడం అక్కడ ఉత్తర దాటిన తర్వాతి పని. రేగడి పట్టి ఉంచుకున్న తేమతోనే పైరు గట్టెక్కాలి. మరి ఆ రైతుకు ఇది విత్తనాల గంపగా వినిపించదా? ఊహకు అందే అర్థమే గాని, బలహీనమైనది. గొర్రుతో విత్తేచోట గింజలు పడేది జడ్డిగంలో. విత్తడాన్ని ‘గంప ఎత్తడం’ అనడం సహజమైన నుడికారం కాదు. వలస అర్థాన్నే నిలుపుకోవాలి. అయితే రేగడి రైతు నోట అది తనను గురించి కాక, ఎర్రనేలవాడిని గురించి అన్న మాటగా మారుతుంది. ఒకే జిల్లాలో ఒకరికి ఆత్మగతం, మరొకరికి పరగతం. 1876లో రెండు రుతుపవనాలూ విఫలమై ధాత కరువు వచ్చినప్పుడు మాత్రం ఈ తేడాకు అర్థం లేకపోయింది.

కె.సి. కాలువ కింద వరి వేసేవారికి ఈ గడువుతో పెద్దగా పని లేదు. పులివెందుల చీనీ తోటల రైతు కార్తె కంటే బోరు నీటి మట్టాన్నే ఎక్కువగా చూసుకుంటాడు. క్షేత్రసేకరణలో సామెత పక్కన చెప్పినవారి ఊరు, నేల రకం, పంట నమోదైతేనే ఈ భేదాలు పరిశోధకుడి చేతికి అందుతాయి.