సంకటిలో ఉడికే పిల్ల

సర్కస్ మీద వచ్చే కథలూ సినిమాలూ ఎక్కువగా రెండు దారుల్లోనే నడుస్తాయి. ఒకటి రంగుల లోకం, రెండోది ఆ రంగుల వెనక కన్నీళ్ళు. రెండిట్లోనూ చూసే కళ్ళు టికెట్టు కొన్నవాడివే. గుడారంలోనే పెరిగిన పిల్ల కింద నుంచి పైకి చూస్తే ఏం కనిపిస్తుందో చెప్పిన నవల ఆగ్లాయా వెటెరన్యిది. 1999లో జర్మన్‌లో వచ్చింది. విన్సెంట్ క్లింగ్ చేసిన ఇంగ్లీషు అనువాదం పేరు ‘వై ద చైల్డ్ ఈజ్ కుకింగ్ ఇన్ ద పొలెంటా’. పొలెంటా అంటే మొక్కజొన్న పిండితో వండే సంకటి.

వెటెరన్యి 1962లో బుకారెస్ట్‌లో, సర్కస్ కుటుంబంలో పుట్టింది. 1967లో వాళ్ళు రొమేనియా వదిలి పారిపోయారు. దేశాలు తిరిగి తిరిగి 1977లో స్విట్జర్లాండ్‌లో స్థిరపడ్డారు. అప్పటికి ఆమెకి పదిహేనేళ్ళు. చదవడం, రాయడం రాదు. తర్వాత జర్మన్ తనంతట తనే నేర్చుకుని, ఆ భాషలోనే రచయిత్రి అయింది.

నవల్లో కథ చెప్పే పిల్ల వాళ్ళ నాన్న క్లౌను. అమ్మ గుడారం కప్పు నుంచి జుట్టుతో వేలాడుతుంది. అమ్మ పడిపోతుందేమోనని పిల్లకి ఎప్పుడూ భయమే. ఆ భయం మరిపించడానికి అక్క ఒక కథ చెబుతుంది: సంకటిలో ఉడుకుతున్న పిల్ల కథ.

మనం భయపడ్డ పిల్లలకి రాజకుమారుల కథలు చెబుతాం. ఇక్కడ భయానికి మందు ఇంకా పెద్ద భయం. అదెలా పనిచేస్తుంది? సాఫ్ట్‌వేర్‌లో మేం కొన్నిసార్లు సిస్టమ్‌ని కావాలనే పడగొట్టి చూస్తాం. పడటం మన చేతుల్లో ఉంటే బెదురు తగ్గుతుంది. కథలోనూ అంతే. మంట పెంచొచ్చు, తగ్గించొచ్చు, పిల్ల ఎందుకు ఉడుకుతోందో రోజుకో కారణం చెప్పుకోవచ్చు. పైన వేలాడే అమ్మ విషయంలో అదేం కుదరదు. కథలెందుకు అనే ప్రశ్నకి ఇంత సూటి జవాబు నేనింకెక్కడా చదవలేదు.

ఆ పిల్ల పారిపోదామనుకునే భయాన్నే జనం డబ్బిచ్చి కొనుక్కుంటారు. ఆమె పడొచ్చు అన్నదానికే కదా టికెట్టు! మన వీధుల్లో దొమ్మరి గడ చుట్టూ మూగిన జనమూ అంతే.

పుస్తకమంతా చిన్న చిన్న వాక్యాలు. కొన్ని పేజీల్లో ఒక్క వాక్యమే, అదీ పెద్దక్షరాల్లో. దీన్ని ప్రయోగం అనేసి ఊరుకోవచ్చు. నాకు మాత్రం ఊపిరి బిగబట్టిన పిల్ల మాట్లాడినట్టే ఉంది. పొడవాటి వాక్యం మొదలుపెట్టాలంటే రేపు కూడా ఇదే ఊళ్ళో ఉంటామన్న ధీమా కావాలి. ఈ పిల్లకి అది లేదు. ఉన్న దేశమల్లా అమ్మ, అమ్మ వంట వాసన.

నాకు తృప్తి కలగనిది అక్క విషయంలో. నాన్న ఆమెని ఏం చేస్తున్నాడో నవల పిల్లకి అందినంతే, తుంపులు తుంపులుగా చెబుతుంది. అది న్యాయమే. కానీ పోనుపోనూ అక్క పక్కకి జరిగిపోతుంది. చెల్లెలి కోసం కథ కట్టినదే ఆమె కదా, మరి ఆమెకి కథ చెప్పేవాళ్ళెవరు? పుస్తకం మూసేశాక కూడా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

వెటెరన్యి 2002లో జ్యూరిక్‌లో ఆత్మహత్య చేసుకుంది. ఈ సంగతి తెలిశాక నవలని ఆ చావు వైపు నుంచి చదవాలనిపిస్తుంది, ప్రతి పేజీలోనూ దాని ఆనవాళ్ళు వెతకాలనిపిస్తుంది. అలా చదవకూడదని నా మనవి. అలా చదివితే మనం మళ్ళీ గ్యాలరీలో కూర్చుని, ఎప్పుడు పడుతుందా అని పైకి చూస్తున్నట్టే. పదిహేనేళ్ళదాకా అక్షరం రాని మనిషి, పరాయి భాషలో ఇంత నిబ్బరంగా నిలబెట్టిన వాక్యాలివి. ముందు వాటిని చూడాలి.