పాదంతో పట్టే లోపం

పాత అంబాసిడర్ బ్రేకు మెత్తగా తగులుతోందని చెప్పగానే చాలా షెడ్లలో జరిగేది ఒకటే. కుర్రాడు కారు కిందికి దూరి నిపిల్ విప్పుతాడు, గాలి తీస్తాడు, బ్రేక్ ఆయిల్ నింపుతాడు. లోపం గాలిది కాకపోతే ఈ శ్రమంతా వృథా. పని బాగా తెలిసిన మెకానిక్ ముందుగా స్పానర్ ముట్టుకోడు. డ్రైవర్ సీట్లో కూర్చుని పెడల్ తొక్కి చూస్తాడు. ఆ కాసేపట్లో అతని పాదం చేసే విచారణను దగ్గరగా గమనిస్తే ఆ పనితనం మీద గౌరవం పుట్టక మానదు.

పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ ఆయిల్‌ను నెడుతుంది. ద్రవం గాలిలా నొక్కుకుపోదు కాబట్టి ఆ ఒత్తిడి పైపుల గుండా అన్ని చక్రాల్లోని వీల్ సిలిండర్లకూ చేరి, బ్రేక్ షూలను డ్రమ్ము మీదికి తోస్తుంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టి, 2014లో ఉత్తరపారాలో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌లో, పాత మోడళ్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. అందువల్ల వెతకాల్సిన చోట్లు ఎక్కువ. ఆ చోట్లను ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ పోవడంలోనే నేర్పంతా ఉంది.

అతను మొదట మూడు రకాల మెత్తదనాన్ని వేరుచేస్తాడు. ఒకసారి తొక్కితే లోతుగా దిగి, వెంటనే మళ్లీ తొక్కితే పైనే గట్టిగా ఆగిందంటే షూకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగింది. మొదటి తొక్కుడు ఆ సందు పూడ్చడానికే సరిపోయింది. రెండోసారి కూడా రబ్బరు బంతిని తొక్కినట్టు ఎగదన్నుతుంటే పైపుల్లో గాలి ఉందని అనుమానం. ఒకే బరువుతో ఆనించి ఉంచినా పెడల్ మెల్లగా జారిపోతుంటే ఆయిల్ ఎటో తప్పించుకుంటోంది.

సందు పెరిగిందన్న అనుమానాన్ని హ్యాండ్ బ్రేక్‌తో తేలుస్తాడు. దాన్ని గట్టిగా లాగితే వెనక షూలు డ్రమ్ముకు ఆనుకుంటాయి. అప్పుడు పెడల్ పైకి లేచిందంటే సర్దాల్సింది వెనక చక్రాలనే. ఒక్క బోల్టు విప్పకుండా, జాకీ ఎత్తకుండా సగం కారు సంగతి తేలిపోయింది!

గాలి ఉందేమో చూడటానికి ఆయిల్ డబ్బా మూత తీసి, పెడల్‌ను వేగంగా పలుమార్లు తొక్కించి, పట్టి ఉంచి, ఒక్కసారిగా వదలమంటాడు. లోపల నొక్కుకుపోయిన గాలి వ్యాకోచించి ఆయిల్‌ను వెనక్కి తంతే డబ్బాలో అది పైకి చిమ్ముతుంది. బ్రేక్ ఆయిల్ పడితే పెయింటు లేచిపోతుంది కనుక ముందే చుట్టూ గుడ్డ పరుస్తాడు, ముఖం పక్కకు పెట్టుకుంటాడు.

పెడల్ జారుతుంటే డబ్బాలో మట్టం చూస్తాడు. అది తగ్గుతుంటే లీకు బయటే ఉంటుంది. వీల్ సిలిండర్ రబ్బరు బూటు కింద చెమ్మ తగులుతుంది, లేదా చక్రం లోపలివైపు తడి కనిపిస్తుంది. మట్టం తగ్గకపోతే మాస్టర్ సిలిండర్ లోపలే అరిగిన రబ్బరు కప్పును దాటి ఆయిల్ వెనక్కి వస్తోంది. బయట ఒక్క చుక్క కూడా కనిపించని లోపమిది. సిలిండర్ నుంచి బయటికి వెళ్లే దారిని ప్లగ్గుతో మూసి తొక్కితే సందేహం తీరుతుంది. పెడల్ రాయిలా నిలిస్తే సిలిండర్ మంచిదే, అప్పటికీ జారితే దోషం దానిదే.

అన్నిటికంటే సూక్ష్మమైన సందర్భం ఇంకొకటుంది. గాలి లేదు, లీకు లేదు, సందు సరిగ్గానే ఉంది, అయినా పెడల్ స్ప్రింగులా ఆడుతుంది. అప్పుడతను తొక్కిస్తూ రబ్బరు హోస్‌ను పిడికిట్లో పట్టుకుని ఉబ్బుతోందేమో చూస్తాడు. తర్వాత డ్రమ్ము విప్పి, షూ మీది లైనింగు ఎక్కడ మెరుస్తోందో చూస్తాడు. డ్రమ్మును లేతు పట్టిస్తే లోపలి వ్యాసం పెరుగుతుంది. కొత్త షూ వంపు దానికి కుదరక నడుమ మాత్రమే తగులుతుంది. గట్టిగా తొక్కే కొద్దీ షూ వంగుతుంది. పాదానికి తెలిసిన మెత్తదనం ఆ వంగుడుదే. లైనింగు మీది మెరుపును బట్టి ఇంత దూరం ఆలోచించగలగడం నాకు అబ్బురంగా ఉంటుంది.

చివరికి గాలి తీసేటప్పుడు కూడా పెడల్‌ను అడుగుదాకా తొక్కనివ్వడు. రోజువారీ వాడకంలో పిస్టన్ చేరని భాగంలో తుప్పు, మడ్డి పేరుకుంటాయి. అక్కడికి పోయిన పాత కప్పు చిరిగిపోవచ్చు. అందుకే పెడల్ కింద చెక్కముక్క పెడతాడు. ఆయిల్ వయసూ అడుగుతాడు. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్‌కు కొత్తప్పుడు ఉండాల్సిన కనీస మరుగు హద్దు 205 డిగ్రీల సెల్సియస్. తేమ పీల్చి నీరు 3.7 శాతానికి చేరితే ఆ కనీస హద్దు 140 డిగ్రీలే. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అది మరిగితే, ఆ ఆవిరి కూడా గాలిలాగే నొక్కుకుపోతుంది.

బిల్లులో కిట్టు ధర, ఆయిల్ ధర ఉంటాయి. అవసరం లేదని తేల్చి మార్చకుండా వదిలేసిన భాగాల ఖర్చు అందులో ఉండదు. అది మనకు మిగిల్చింది అతని తెలివి. కూలీ దగ్గర బేరమాడబోయే ముందు దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవడం న్యాయం.