యూదుల వంటింటి బ్రిస్కెట్

పశువు ముందుకాళ్ల మధ్య ఛాతీ భాగంలో ఉండే కండ బ్రిస్కెట్. మనకున్న కాలర్ బోన్ పశువులకు ఉండదు కాబట్టి ముందు భాగం బరువు మోయడంలో ఛాతీ కండలదే పెద్ద పని. నడిచినా, నిలబడినా, పడుకుని లేచినా వాటికి విశ్రాంతి ఉండదు. అందుకే ఆ కండ నిండా కొల్లాజెన్ అనే గట్టి పదార్థం అల్లుకుని ఉంటుంది. గబగబా వేయించి తిందామంటే పళ్లకు లొంగదు. కసాయి దగ్గర అప్పట్లో చవగ్గా దొరికిన ఇలాంటి ముక్కను తూర్పు ఐరోపా అష్కెనాజీ యూదులు పండగ వంటగా మార్చారు. అక్కడి నుంచి వలస వెళ్లి న్యూయార్క్‌లో స్థిరపడ్డాక కూడా దాన్ని వదల్లేదు. యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానా అయినా, పస్కా పండగ అయినా అమెరికాలో చాలా యూదు ఇళ్ల భోజనాల బల్ల మీద ఈ వంటకం ఉంటుంది.

చవక కావడం ఒక్కటే కారణం కాదు, ధర్మశాస్త్రం కూడా ఉంది. యాకోబు దేవదూతతో పెనుగులాడి తుంటి దెబ్బతిన్న కథ ఆదికాండంలో వస్తుంది. అది గుర్తుగా యూదులు పశువు తుంటి నరం తినరు. వెనక భాగంలోంచి ఆ నరాన్ని, నిషిద్ధమైన కొవ్వును పూర్తిగా తీయడం చాలా శ్రమ. అందుకని చాలా చోట్ల యూదు కసాయిలు ముందు భాగమే అమ్ముతారు. వెనక భాగంలోని మెత్తటి ముక్కలు దొరకనప్పుడు ముందు భాగంలోని గట్టి ముక్కను మెత్తబరచడం నేర్చుకోక తప్పదు. ఆ అవసరంలోంచే ఇంత మంచి వంట పుట్టింది.

ఇంకో రెండు నియమాలు నేరుగా రుచి మీద పనిచేస్తాయి. రక్తం తినకూడదు కాబట్టి కోషర్ (యూదుల ఆహార నియమాలకు లోబడిన) మాంసాన్ని అరగంట నీళ్లలో నానబెట్టి, గంటసేపు ఉప్పు పట్టించి, బాగా కడుగుతారు. వంటకు వచ్చేసరికే ముక్కలో కొంత ఉప్పు ఉంటుంది గనక మళ్లీ వేసేటప్పుడు చెయ్యి బిగబట్టాలి. రెండోది, మాంసంతో పాలు, పెరుగు, వెన్న, నెయ్యి కలపకూడదు. పెరుగులో నానబెట్టే దారి అలా మూసుకుపోయింది. మిగిలినవి ఉల్లిపాయలు, కాస్త నూనె, సన్నని వేడి, బోలెడంత సమయం. నిజానికి బ్రిస్కెట్‌కు కావలసినవీ అవే.

మాంసం 60 డిగ్రీల సెల్సియస్ దాటాక కండ పోగులు ముడుచుకుని లోపలి నీటిని బయటికి నెట్టేస్తాయి. 70 దగ్గర ముక్క పూర్తిగా ఉడికినట్టే లెక్క, కానీ అప్పుడే అది అన్నిటికంటే గట్టిగా, పొడిగా ఉంటుంది. చాలామంది ఇక్కడే బెంబేలెత్తి, ఎక్కువ ఉడికి పాడైందనుకుని పొయ్యి ఆపేస్తారు. ఆపకూడదు. కొల్లాజెన్ కరిగి జెలటిన్‌గా మారడం అప్పుడప్పుడే మొదలవుతుంది. వేడి 80 దాటి 90ల్లోకి వెళ్లి అక్కడే గంటల తరబడి నిలబడితే ఆ జెలటిన్ పోగుల మధ్య చేరి, పోయిన నీటి లోటు నాలుకకు తెలియకుండా చేస్తుంది. బ్రిస్కెట్ పొడిగా వచ్చిందని వాపోయే వాళ్లలో చాలామంది చేసేది దాన్ని సగంలో దించేయడమే.

అమెరికన్ ఇళ్లలో దీన్ని వండే తీరులు లెక్కలేనన్ని. ప్యాకెట్ ఉల్లి సూప్ పొడి చల్లేవాళ్లున్నారు, కోకాకోలా పోసేవాళ్లున్నారు. రోష్ హషానాకు క్యారెట్, ఎండు ప్లమ్ పండ్లతో తియ్యగా వండేవాళ్లూ ఉన్నారు. నా ఓటు మాత్రం నాక్ వాక్స్‌మన్ పద్ధతికి. న్యూయార్క్‌లో 1983లో వంట పుస్తకాల కోసమే ‘కిచెన్ ఆర్ట్స్ అండ్ లెటర్స్’ అనే దుకాణం తెరిచిన మనిషి ఆయన. ఆయన ఇంటి వంటకం 1989లో వచ్చిన ‘ద న్యూ బేసిక్స్ కుక్‌బుక్’ ద్వారా దేశమంతా పాకింది. సుమారు 2.7 కిలోల ముక్కకు 8 ఉల్లిపాయలు, 3 పెద్ద చెంచాల టమాటా పేస్టు, కొద్దిగా వెల్లుల్లి, ఒకే ఒక్క క్యారెట్. నీళ్లు పోయరు. ముక్కకు పిండి పలచగా అద్ది నూనెలో రెండు వైపులా ఎర్రగా కాల్చి పక్కన పెడతారు. అదే గిన్నెలో ఉల్లిపాయలు వేసి, అడుగున అంటిన ఎర్రటి మాడు గీకుతూ వేయిస్తారు. ఆ ఉల్లి మీద ముక్కను పెట్టి, పైన టమాటా పేస్టు పూసి, మూత బిగించి 190 డిగ్రీల ఓవెన్‌లో గంటన్నర ఉంచుతారు.

ఆ తరవాత చేసే పనిలోనే ఉంది ఆయన ప్రతిభంతా. ముక్కను బయటికి తీసి, ఇంకా గట్టిగా ఉండగానే పోగులకు అడ్డంగా పలచని పలకలుగా కోస్తారు. ఆ పలకలను ఒకదానిమీద ఒకటి కాస్త ఏటవాలుగా ఒరిగేలా పేర్చి, ముక్కను మళ్లీ ముక్కలాగే గిన్నెలో పెడతారు. ప్రతి పలక పై అంచూ కొంచెం కనబడుతూ ఉంటుంది. ఇంకో రెండు గంటలలోపు అది సిద్ధమవుతుంది. ఉల్లిరసం ఒక్కో పలక మధ్యకూ దిగుతుంది. బాగా మెత్తబడ్డాక వేడి మీద కోస్తే మాంసం చిందరవందర అవుతుంది, ముందే కోశారు కాబట్టి ఆ బెడద లేదు.

అడ్డంగా కోయడం గురించి ఒక మాట. బ్రిస్కెట్‌లో రెండు కండలున్నాయి, కింద పలచగా, పొడుగ్గా ఒకటి, దాని మీద కొవ్వు పట్టి మందంగా మరొకటి. రెండింటి పోగులూ ఒకే దిక్కుకు పోవు. పచ్చిగా ఉన్నప్పుడే పోగులు ఎటు సాగుతున్నాయో చూసి, ఒక మూల చిన్న గాటు పెట్టుకుంటే కోసేటప్పుడు తడుముకోనక్కర్లేదు. వాక్స్‌మన్ వంటకం పలచటి కండ అడుగుతుంది. నేనైతే కొవ్వున్నదే తెమ్మంటాను, ఇంటి వంటలో అది త్వరగా ఎండిపోదు.

పండగ వంటను ముందురోజే చేసి పెట్టుకునే అలవాటు ఈ ముక్కకు బాగా కలిసొచ్చింది. చల్లారాక గిన్నెను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే కొవ్వు తెల్లటి అట్టులా పైకి తేలి గట్టిపడుతుంది, చెంచాతో ఎత్తి తీసేయవచ్చు. కింద రసం జెల్లీలా పేరుకుని, గిన్నె కదిపితే వణుకుతుంది. కరిగిన కొల్లాజెన్ అదే. 160 డిగ్రీల్లో మూతపెట్టి నెమ్మదిగా వేడిచేస్తే అది మళ్లీ రసమై ముక్కల్లోకి ఎక్కుతుంది. వండిన రోజు కంటే మర్నాడే రుచి ఎక్కువ.

ఢిల్లీ నిహారీలో పిక్క కండను రాత్రంతా ఉడికించేదీ ఈ కొల్లాజెన్ కోసమే. ఇక బ్రిస్కెట్ మన ఇంట్లో వండాలంటే, మనకు బజార్లో దొరికేది ఎక్కువగా దున్న మాంసం, కొవ్వు తక్కువ. కసాయిని సీనా (ఛాతీ) ముక్క, కొవ్వు ఉంచి, కోయకుండా ఇమ్మనాలి. పెద్దకూర అనగానే చిన్న ముక్కలు కొట్టేస్తారు, ముందే చెప్పుకోవాలి. ఓవెన్ లేకపోతే కిలో ముక్కను ఎర్రగా కాల్చి, అరకిలో ఉల్లిపాయలు, ఒక కప్పు నీళ్లతో కుక్కర్‌లో పెట్టి, కూత వచ్చాక మంట తగ్గించి గంట ఉంచవచ్చు. ఆవిరిని దానంతటదే దిగనివ్వండి. బలవంతంగా వదిలితే లోపలి రసం ఒక్కసారిగా మరిగి పోగులు చెదురుతాయి. ఫోర్క్ గుచ్చి తిప్పి చూడండి. సులువుగా తిరగకపోతే మూతపెట్టి ఇంకో ఇరవై నిమిషాలు ఉంచండి. ఉడికించిన బంగాళదుంపల మీద ఆ ఉల్లిరసం పోసుకుంటే వేరే కూర అక్కర్లేదు, వేడి అన్నంలోకీ బాగుంటుంది.