అతుకుల బొంత

సంకీర్ణ ప్రభుత్వాన్ని ఎగతాళి చెయ్యాలంటే మన పత్రికలు ‘అతుకుల బొంత’ అని రాస్తాయి. బొంత కుట్టిన చేతులు ఈ మాటకు ఒప్పుకోవు. ప్రభుత్వాలు ఏడాదికే చిరిగిపోవచ్చు గానీ, తెలిసినవాళ్ళు కుట్టిన బొంత రెండు తరాలు కప్పుకున్నా విడిపోదు. ఆ మాటకొస్తే, సింగపూర్ గడ్డమీద పుట్టి లోకానికంతటికీ తెలిసిన చేతిపని అతుకుల బొంతే. పుట్టింది జైల్లో.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ వశమైంది. మరుసటి నెలలో యూరోపియన్ పౌరుల్ని చాంగీ జైలుకు తరలించారు. సుమారు 600 మంది కోసం కట్టిన జైలది. అందులో రెండువేలకు పైగా మనుషుల్ని కుక్కారు. ఆడవాళ్ళూ పిల్లలూ ఒక పక్క, మగవాళ్ళు గోడకు అవతల, సైనికులు వేరే శిబిరంలో. భర్త బతికున్నాడో లేదో భార్యకు తెలియదు, భార్య సంగతి భర్తకు తెలియదు.

ఖైదీల్లో ఎథెల్ ముల్వనీ అనే కెనడా మహిళ ఉండేది. రెడ్‌క్రాస్‌లో పనిచేసిన మనిషి. ఒక్కొక్కరికీ ఆరంగుళాల తెల్లగుడ్డ ముక్క ఇచ్చి, మీ గురించి ఏదో ఒకటి కుట్టి కింద పేరు వెయ్యమంది. అలాంటి ముక్కలు 66 కలిపితే ఒక దుప్పటి. అలా మూడు తయారుచేశారు: బ్రిటిష్ వాళ్ళకొకటి, ఆస్ట్రేలియన్లకొకటి, గాయపడ్డ జపాన్ సైనికులకొకటి. ఆ మూడోది నిజంగా జాలితోనే కుట్టారో, మిగతా రెండూ సైనికుల ఆస్పత్రికి చేరడానికి లౌక్యంగా కుట్టారో గానీ, నాకైతే రెండూ ఉన్నాయనే అనిపిస్తుంది. దుప్పటి ఆస్పత్రి మంచం మీద పరిస్తే చాలు, ఫలానా మనిషి బతికే ఉందన్న కబురు అందినట్టే. ఒకామె ఆస్ట్రేలియా పటం గీసి అందులో కంగారూను కుట్టింది. కొందరు పూలు కుట్టారు, కొందరు తాముంటున్న జైలుగదినే కుట్టారు.

గుడ్డ ఎక్కడిది? పిండిసంచులు, బియ్యపు సంచులు, పాత పక్కదుప్పట్లు. దారం? ఒంటిమీది బట్టల్లోంచే లాగారు. ఇదే నన్ను కట్టిపడేస్తుంది. గుడ్డముక్క దాచడం అందరూ చేస్తారు. దారం దాచడానికి ఓపిక కావాలి. అంచు కుట్టు విప్పి, పోగు తెగకుండా నెమ్మదిగా లాగి, పుల్లకో కాగితానికో చుట్టుకోవాలి. ఎక్కువ పొడవు పోగు సూదికి ఎక్కించకూడదు. పాతదారం గుడ్డలోంచి వెళ్ళిన ప్రతిసారీ అరుగుతుంది.

పెద్దవాళ్ళకు ఈ ఆలోచన రావడానికి పిల్లలే కారణమంటారు. ఎలిజబెత్ ఎన్నిస్ అనే ఆమె జైలు ఆవరణలో గర్ల్ గైడ్స్ దళం నడిపింది. ఆమె పుట్టినరోజుకని ఆ పిల్లలు రహస్యంగా ఆరుపలకల ముక్కలతో ఒక దుప్పటి మొదలుపెట్టారు. నడుమ ఒకటి, చుట్టూ ఆరు, చూస్తే పువ్వులా ఉంటుంది. తేనెపట్టు గదుల్లా ఆరుపలకలు సందు లేకుండా ఒదుగుతాయి కనుక, అరచేతిలో సగమున్న పేలిక కూడా వృథా పోదు. కాగితాన్ని ఆరుపలకలుగా కత్తిరించి, గుడ్డను దానిమీదికి మడిచి టాకాలు వేసి, అంచుకు అంచు చేర్చి సన్నగా కుట్టి, చివర్న కాగితం లాగెయ్యడం దీని పద్ధతి.

మన బొంత లెక్క వేరు. దానికి రూపం కన్నా మెత్తదనం ముఖ్యం. ఏళ్ళతరబడి ఉతికి నలిగిన నూలుచీరలు, పంచెలే పనికొస్తాయి. బాగా అరిగినవి మధ్య పొరలోకి, కాస్త గట్టివి పైకీ కిందికీ. అరుగుమీద పరిచి, మూలలకు బరువులు పెట్టి, ముడత లేకుండా సవరించి, పొరలన్నీ కలిసేలా దగ్గరదగ్గరగా టాకాలు వేసుకుంటూ పోతారు. కొత్తగుడ్డ అతకాల్సి వస్తే ముందు రెండుసార్లు ఉతకాలి. లేకపోతే మొదటి ఉతుకుకే ముడుచుకుని పక్కనున్న పాతగుడ్డను చింపేస్తుంది.

అసలు తెలుగింట్లో చీరకు అంత తొందరగా చావు లేదు. కట్టుకోవడం అయ్యాక బొంత, ఊయల, పొత్తిళ్ళు, వడియాలు పెట్టే గుడ్డ, ఇడ్లీరేకు మీది గుడ్డ, మసిగుడ్డ, ఆఖరికి దీపపు వత్తి. ఇదంతా పర్యావరణం కోసమని ఎవరూ అనుకోలేదు. ఇప్పుడా మాట అనక తప్పడంలేదు: 2022లో సింగపూర్‌లో పోగైన బట్టల చెత్త సుమారు 2,54,000 టన్నులు, అందులో మళ్ళీ వాడకానికి వెళ్ళింది 2 శాతం.

ఇక్కడి ఫ్లాట్లలో అరుగుల్లేవు, బొంత కప్పుకునేంత చలీ లేదు. అందుకే సింగపూర్‌లోని మనవాళ్ళకు నా సలహా చిన్నపనులతో మొదలుపెట్టమని. చీర అంచుతో సంచి, పంచెతో పసిబిడ్డ పక్కగుడ్డ. చలిదేశం ప్రయాణానికి కొని బీరువాలో మూలుగుతున్న స్వెట్టర్ ఉంటే విప్పెయ్యండి. అల్లిక ముగిసిన చోట పోగు దొరుకుతుంది. దాన్ని కుర్చీ వెన్నుకు చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి తీసి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, కింద చిన్న బరువు వేలాడదీసి ఆరబెడితే వంకరలు పోతాయి. సన్నఊలైతే రెండు పోగులు కలిపి క్రోషియాతో గళ్ళు అల్లుకోవచ్చు. మిగిలిన రంగులు కలవకపోతే బెంగపడొద్దు. గళ్ళన్నిటికీ చివరి వరస ఒకే రంగులో అల్లండి, అవే కుదురుకుంటాయి.

చాంగీ దుప్పట్లు ఇప్పుడు సింగపూర్‌లో లేవు. బ్రిటిష్ వాళ్ళది లండన్‌లో రెడ్‌క్రాస్ దగ్గర, ఆస్ట్రేలియన్లదీ జపాన్ వాళ్ళదీ కాన్‌బెరా యుద్ధస్మారకంలో, పిల్లలది లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిమీది పేర్లను చరిత్రకారులు ఒక్కొక్కటిగా ఆరా తీశారు. మన బొంతలమీద పేర్లుండవు. ఏ ముక్క ఏ చీరదో ఇంట్లో పెద్దావిడ చెప్పాలి. ఆవిడ ఉండగానే ఓ మధ్యాహ్నం పక్కన కూర్చుని, ఆవిడ చెబుతుంటే ఒక్కో అతుకుమీదా ఎర్రదారంతో ఆ పేరు కుట్టించుకోండి.