హోల్మెన్‌కొలెన్ మ్యూజియం: చేతికి అందేది, అందనిది

మార్గశిర మాసంలో సైతం ఉన్ని దుస్తుల అవసరం అంతగా పడని పుదుచ్చేరి పట్టణవాసులకు మంచు క్రీడల మ్యూజియం గురించి చెప్పబూనడం వింతగానే తోచవచ్చును. అయినా నార్వే రాజధాని ఓస్లోలో హోల్మెన్‌కొలెన్ స్కీ మ్యూజియం చూసి వచ్చిన తరువాత, మన పట్టణపు మ్యూజియంలో నేను పలుమార్లు దాటిపోయిన ఒక వస్తువు ముందు ఆగి నిలబడక తప్పలేదు.

1923లో నెలకొల్పిన ఆ మ్యూజియం ప్రపంచంలోని స్కీ మ్యూజియంలలో ప్రాచీనమైనదిగా పేరు పొందింది. అది స్కీ జంప్ వేదిక కిందనే, కొండరాతిలో ఇమిడి ఉంది. ఆ కొండపై తొలి పోటీ 1892లో జరిగింది; నేడు కనిపించే ఉక్కు వేదిక 2010 నాటిది. లోపల నాలుగు వేల ఏళ్ల చరిత్ర. వేటకు, పొరుగూరి ప్రయాణానికి మనిషి చెక్కుకున్న పలకలే కాలక్రమాన ఆటవస్తువులైన వైనం అక్కడ చక్కగా తెలుస్తుంది. 1888లో గ్రీన్‌లాండ్‌ను స్కీలపై దాటిన నాన్సెన్, 1911 డిసెంబరులో దక్షిణ ధ్రువం చేరిన అముండ్‌సెన్‌ల యాత్రాసామగ్రి కూడా ఉన్నది. అద్దాల వెనుక నిశ్చలంగా ఉన్న ఆ వస్తువులే నన్ను ఎక్కువసేపు నిలిపివేశాయి.

జనం మాత్రం సిమ్యులేటర్ వద్ద గుమికూడారు. నేనూ కూర్చున్నాను. తెరపై మంచువాలు దూసుకువచ్చింది, ఆసనం ఊగింది, వెనుకనెవరో కేక వేశారు. కొన్ని నిమిషాలకు అందరమూ క్షేమంగా దిగాము. ఆ పిదప లిఫ్టులో వేదిక శిఖరానికి వెళ్లి కిందికి చూసినప్పుడు గానీ అసలు సంగతి నా మోకాళ్లకు తెలియలేదు. యంత్రం వేగాన్ని ఇచ్చింది, భయాన్ని దాచింది. ఏ ఏర్పాటూ లేని ఎత్తు, గాలి ఆ భయాన్ని ఇచ్చాయి.

నా అభ్యంతరం అంతటితో తీరలేదు. స్కీ జంప్‌లో దూరమొక్కటే గెలుపు కాదు. దూకిన తీరుకు ఐదుగురు న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. వాలుపై మంచును తొక్కి చదును చేసేవారు వేరే ఉంటారు. యంత్రం మనను వీరుని స్థానంలోనే కూర్చోబెడుతుంది. ఇతరుల స్థానం అందులో లేదు. 1924 నుంచి శీతాకాల ఒలింపిక్స్‌లో ఉన్న ఈ క్రీడలోకి మహిళలకు 2014లో గానీ ప్రవేశం లభించలేదన్న విషయం కూడా ఆ ఊగే ఆసనం చెప్పదు.

ఇక మన మ్యూజియం. అరికమేడు పూసలు, చోళుల కాంస్య విగ్రహాలు, ఫ్రెంచివారి గృహోపకరణాలతో పాటు అక్కడ పుస్‌పుస్ బండి ఒకటి ఉన్నది. ఫ్రెంచిలో ఆ మాటకు తోయు, తోయు అని అర్థం. కూర్చున్న దొర కడ్డీతో ముందు చక్రాన్ని మళ్లించుకునేవాడు. వెనుకనుంచి ఒక మనిషి తోసేవాడు. యానాం నుంచి సెలవులకు వచ్చే మా బంధువుల పిల్లలు దానిపై ఒక చూపు విసిరి సాగిపోతారు. వారిని ఆపాలంటే ఏదో ఒకటి చేయవలసిందే. కానీ హోల్మెన్‌కొలెన్ పద్ధతిని యథాతథంగా అనుసరిస్తే, మనం పిల్లలను ఆసనంపై కూర్చోబెట్టి కడ్డీ చేతికిస్తాము. వారు సంతోషిస్తారు. తోసినవాడు మరొకసారి మరుగున పడతాడు.

అసలు బండిని ముట్టుకోనక్కరలేదు, నకలు ఒకటి చేయించవచ్చును. సందర్శకుని చేతికి ఇవ్వవలసింది మాత్రం వెనుక పిడి. ఆసనంలో ఒక మనిషి బరువుకు సరిపడా ఇసుక బస్తా ఉంచితే చాలు.