ఎనిమిదికి నడుం కట్టే చేయి
స్ఫటికలింగమని భక్తులు కొలిచే భీమేశ్వరుడి ఊరు ద్రాక్షారామం. అక్కడ ద్రవస్ఫటికాలకు వైద్యం చేసే చేతులంటే నాకు ముచ్చట. కూరల కొట్టు కాటాకుండే ద్రవస్ఫటికాల తెర మీద ఎనిమిది నడుం గీత పోయి సున్నాగా కనబడుతుంది. బేరం తగవులోకి దిగుతుంది. మెకానిక్ మూత విప్పి, గాజుపలకకూ బోర్డుకూ మధ్యనున్న సన్నని రబ్బరు పట్టీని స్పిరిట్‌తో తుడిచి, వెంట్రుకవాసి తేడా రాకుండా కూర్చోబెడతాడు. చారలుంటాయి కనుక దాని పేరు జీబ్రా. గీత తిరిగొస్తుంది.

1888లో ద్రవస్ఫటికమనే వింత పదార్థాన్ని క్యారెట్ కొలెస్టరాల్ నుంచి వచ్చిన సమ్మేళనంలో పట్టింది రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త! దానితో చేసిన కాటా తెర తానుగా వెలగదు. కరెంటు తగిలినచోట అణువులు మెలిక విప్పుకుని నిలబడతాయి, వెలుతురు ఆగి నల్లగీత పడుతుంది. ఎర్రంకెల కాటాలు వెలవెలబోయే మిట్టమధ్యాహ్నపు ఎండలో దీని మీద వంకాయల తూకం సులువుగా చదవొచ్చు.